లెక్కల సార్ ఖాళీగా వదిలిన లైను

మా లెక్కల సార్ చనిపోయిన వార్త మా లెక్కల సార్ నంబరు నుంచే వచ్చింది.

ఉట్నూర్ నుంచి మా బడికి వెళ్లే దారిలో ఒక కల్వర్టు ఉంది. జీపు అక్కడికి వచ్చేసరికి ఫోన్లన్నీ ఒక్కసారి టింగుటింగుమంటాయి. అది దాటితే మళ్లీ సాయంత్రం దాకా సిగ్నల్ ఉండదు. ఆ రోజు కూడా ఫోను మోగింది. పైన సార్ పేరు చూసి, ఇవాళ్టి పాఠం వచ్చిందిలే అనుకుని సంచిలో వేసుకున్నాను. ప్రార్థనలో పిల్లలు ప్రతిజ్ఞ చెబుతుంటే తెరిచాను. "అబ్బా తెల్లారంగ పోయిండు. మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత మట్టి" అని ఉంది.

నాకు అర్థం కాలేదు. సార్‌కే అరవై దాటాయి, ఆయనకు అబ్బా, అదే నాన్న, ఎక్కడివాడు, ఎప్పుడో పోయాడు కదా అనుకున్నాను. నవ్వకండి. నంబరు సార్‌ది, మాట ఆయన బిడ్డది అని తెలిసేసరికి పిల్లలు ప్రతిజ్ఞ ముగించి, "కూర్చోండి" అంటానని నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉన్నారు. ఏం చేయాలో తోచక ఇంకోసారి ప్రతిజ్ఞ చెప్పించాను.

సాయంత్రం కల్వర్టు దగ్గర చూస్తే గ్రూపు నిండా దండాలు. ఒకాయన పొరపాటున బొటనవేలు బొమ్మ పెట్టి, తీసేసి, దండం పెట్టాడు. ఇంకొకామె పైన ఏముందో చదవకుండా, "సార్, ఇవాళ పాఠం రాలే?" అని అడిగింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. నేనూ అదే అడిగేదాన్ని.

ఆయన హుజూరాబాద్ పక్క ఊరి బడిలో నాకు ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పారు. నేను టీచరునై ఏజెన్సీలో పడ్డాక మళ్లీ దొరికారు. అప్పటికి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేని మనిషి కాబట్టి కొత్త పని పెట్టుకున్నారు. నెట్లో టీచర్ల కోసం ఎవరెవరో పెట్టే పాఠాలు, వీడియోలు, ఆటలు వెతకడం, అందులో పనికొచ్చేది ఏరి మా గ్రూపులో వేయడం. వెతికినవన్నీ వేసేవారు కాదు. ముందు పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, "జర ఒక్క పీరియడ్ ఇయ్యుండ్రి" అని అడుక్కుని, అక్కడి పిల్లలకు చెప్పి చూసేవారు. ఆ బడి హెడ్మాస్టరు ఈయన వస్తుంటే చాక్‌పీసు డబ్బా బయటపెట్టి తాను మధ్యాహ్న భోజనం రిజిస్టరు రాసుకోవడానికి వెళ్లిపోయేవాడట.

ఆయన పంపే పాఠం అర కాగితం దాటేది కాదు. "ప్రార్థన అయ్యేలోపట చదవరాకపోతే అది పాఠం గాదు బిడ్డా, పురాణం" అనేవారు. మా బతుకు ఆయనకు తెలుసు. ఒకే గదిలో రెండు తరగతులు, చేతిలో హాజరు యాప్, గుడ్లు వచ్చాయా లేదా అని వంట ఆమె కేక, ఈలోపు ఫోటో పంపమని పైనుంచి మెసేజి. అలాంటివాళ్లకు నలభై నిమిషాల వీడియో పంపి, ఉత్సాహంగా బోధించండి అంటే మేమేం బోధిస్తాం!

అర కాగితంలో మూడే లైన్లు ఉండేవి. ఏం కావాలె. ఏం జెయ్యాలె. యాడ చెడిపోతది. కింద వీడియో లింకు.

మొదటి రెండూ ఎవరైనా రాస్తారు. మూడోది ఆయన ఒక్కరే రాసేవారు. నీళ్లు వడగట్టే ప్రయోగం పంపినప్పుడు మూడో లైనులో "బొగ్గు తెమ్మంటే మనకాడ గని బొగ్గు తెస్తరు. కట్టెబొగ్గు అని గట్టిగ చెప్పు" అని రాశారు. బొగ్గు గనులున్న శ్రీరాంపూర్‌లో పనిచేసే మా స్నేహితురాలు, గ్రూపులో అందరం శ్రీరాంపూర్ మేడం అంటాం, ఆ లైను చదవకుండా పాఠం మొదలుపెట్టింది. అక్కడ పిల్లలకు బొగ్గుకు కరువా? ఒక్కొక్కడు గడ్డలు గడ్డలు తెచ్చాడు. పోసినప్పుడు మామూలుగా ఉన్న బోరు నీళ్లు కింద నల్లగా దిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఆ ఫోటో గ్రూపులో పెడితే సార్, "పర్వాలే, నీళ్లను ఖరాబు చేసుడు ఎట్లనో నేర్చుకున్నరు" అన్నారు.

ఉపగ్రహం తీసిన బొమ్మలో మన ఊరు చూపించే పాఠం ఒకటి. "ప్రతి పిల్లగాడు ముందుగాల వాని ఇల్లు సూడాలంటడు. అందరి ఇండ్లు సూపిచ్చినంకనే నది, గుట్ట. లేకుంటే పీరియడ్ పాయె." దేశాల సమయాల పాఠం ఇంకొకటి. దుబాయ్‌లో ఉన్న తండ్రికి ఫోన్ చేసి అక్కడ పొద్దు ఎక్కడుందో అడగాలి. మూడో లైను: "తండ్రి ఫోన్ ఎత్తకుంటే పిల్ల మొకం చిన్నగ జేస్కుంటది. ముందు రోజే తండ్రికి చెప్పిపెట్టు. ఎత్తేటోళ్లు లేని పిల్లకు గడియారం పట్టుకునే పని ఇయ్యి."

ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. వీడియో తీసినవాడికి ఎన్ని వేల మంది చూశారన్నదే లెక్క. ఈయనకు ఒక బడిలో గడియారం పట్టుకునే పిల్ల లెక్క.

సార్ పోయిన నాలుగో రోజు శ్రీరాంపూర్ మేడం ఫోన్ చేసింది. "సార్ అర కాగితాలన్ని ఒక పుస్తకం లెక్క జేసి నెట్ల పెడ్దాం. ఎవలకు కావాలంటె వాళ్లు తీస్కుంటరు. అన్ని జమ చేసిన. ఒక్కటే పక్కకు వెట్టిన, నీ తునికాకు కట్టల పాఠం. అది నీది గద, నీ పేరుతోనే వేరేగ వేద్దామా?"

రేపు చెప్తాను అన్నాను. ఎందుకంటే ఆ పాఠం నాది కాదు. నా పేరుతో ఉంది, అంతే.

అది నేను ఉద్యోగంలో చేరిన రెండో నెల. మూడో తరగతికి ఒకట్లు, పదులు, వందలు చెప్పాలి. నెట్లో మంచి వీడియో దొరికింది. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట, పది కట్టలు వంద. చీపురు పుల్లలు విరిచి, కట్టలు కట్టుకుని వెళ్లి, ఒకటి ఎత్తి చూపించి, "కట్టలో ఎన్ని ఉంటాయి?" అని అడిగాను. తరగతి మొత్తం "యాభై" అంది.

కాదు, పది అన్నాను. మళ్లీ అడిగాను. యాభై. ముందు వరుసలో ఒక సన్నటి పిల్ల లేచి, "పది ఉంటె కల్లంల తీస్కోరు మేడం" అంది. నాకు ఆ మాట తలకెక్కలేదు. కల్లం ఏమిటి, తీసుకోకపోవడం ఏమిటి? నాకు తెలిసిందల్లా, రాత్రంతా కూర్చుని చేసుకున్న పాఠం చెడిపోతోందని. ఎదురు చెబుతావా అని ఆ పిల్లను బయట నిలబెట్టాను.

సాయంత్రం కల్వర్టు దగ్గర దిగి సార్‌కు ఫోన్ చేసి, ఈ పిల్లలకు పది కూడా రాదు సార్ అని ఏడుపొక్కటే తక్కువగా చెప్పాను. ఆయన అంతా విని, నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"అరే బిడ్డా, పిల్ల కరెక్టే. నువ్వు, నీ వీడియో తప్పు. వాళ్లు ఎండకాలం బీడీల తునికాకు తెంపుతరు. కట్టకు యాభై ఆకులు. ఒక్కటి తక్కువున్నా ఆకు కొనే కల్లంల పక్కకు పడేస్తరు. ఆ పిల్లకు కట్టంటే ఏందో నీకంటె ఎక్కువ ఎరుక."

"మరి ఇప్పుడెట్ల సార్?"

"ఇప్పుడు తునికాకు కాలం గాదు, మోదుగాకులు తెమ్మను. వాళ్ల కట్టనే కట్టమను, యాభయ్యే. రెండు కట్టలు వెడితె నూరు. గా నూరును ఇప్పి పదులు చెయ్యమను. పది ఇప్పి ఒకట్లు. వీడియో పది నుంచి నూరుకు ఎక్కుతది. మీ పిల్లలు నూరు నుంచి పదికి దిగుతరు. ఎక్కితేంది, దిగితేంది, మెట్లు అవే గద."

అంతటితో ఆగి, "అవ్ గని, ఆ పిల్ల పేరేంది?" అని అడిగారు.

నాకు తెలియదు. చేరి రెండు నెలలు, పేర్లు ఇంకా నోటికి రాలేదు. జీపు హారను కొడుతోంది. "ఎవరో మూడో తరగతి పిల్ల సార్, రేపు చెప్తా" అన్నాను. చెప్పలేదు.

పాఠం బ్రహ్మాండంగా వచ్చింది. పిల్లలు ఆకులు పరిచి, కట్టి, విప్పి, అరగంటలో వందలు, పదులు, ఒకట్లు చేసేశారు. నేను ఫోన్లో తీశాను. టీచర్లు పాఠాలు పెట్టే ఒక వెబ్‌సైటు ఉంటే అందులో ఎక్కించాను. ఫారంలో "రూపొందించినవారు" అని ఒక గడి ఉంది. ఒకటే గడి. కల్వర్టు మీద నిలబడి, బ్యాటరీ అయిపోతుంటే, నా పేరు రాశాను. గడి ఒకటే ఉంది కదా అని, బ్యాటరీ లేదు కదా అని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే బ్యాటరీ ఇరవై శాతం ఉంది.

ఆ పాఠం జిల్లాలో ఎంపికైంది. శాలువా కప్పారు, సర్టిఫికెట్ ఇచ్చారు. మైకులో "వినూత్న ఆలోచన" అన్నప్పుడు నేను తల వంచుకున్నాను, అందరూ వినయం అనుకున్నారు.

మరుసటి వారం పొద్దున కల్వర్టు దగ్గర ఫోను టింగుమంది. ఇవాళ్టి పాఠం. తునికాకు కట్టలు, నా పేరు, నా వీడియో లింకు. ఏం కావాలె: మోదుగాకులు, దారం. ఏం జెయ్యాలె: యాభై ఆకుల కట్టలు రెండు, నూరు నుంచి కిందికి దిగాలె. యాడ చెడిపోతది: ఆ తర్వాత ఏమీ లేదు. చుక్క కూడా లేదు.

ఆయన పంపిన వందల పాఠాల్లో ఆ లైను ఖాళీగా ఉన్నది అదొక్కటే.

మూడేళ్లు ఆ ఖాళీని చూస్తూ ఉన్నాను. ఒకరోజు, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదన్నమాట అని సంతోషపడతాను. మరుసటి రోజు, నువ్వే నింపుకో అని వదిలారా అనిపిస్తుంది. ఇంకోరోజు అసలు అది తన పాఠమని ఆయనకు గుర్తే లేదేమో అనుకుంటాను. ఒక్క ఫోన్లో నవ్వుకుంటూ చెప్పింది, ఇలాంటివి రోజుకు ఎంతమందికి చెప్పారో. దొంగకు తేలు కుట్టినట్టుండేది నా పరిస్థితి, అరవడానికి లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు మాట్లాడాం. ఆయన మామూలుగానే "ఏం బిడ్డా, తిన్నవా" అనేవారు. అడగాలని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఇప్పుడు అడుగుదామంటే మనిషే లేరు.

ఆ ఆదివారం హుజూరాబాద్ వెళ్లాను. ఆయన బిడ్డ తలుపు తీసింది. లోపల వాళ్ల అమ్మ ఉన్న గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ సార్ పోయిండు బేటా" అని ఒక్క మాట అని, తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. వచ్చిన పని వేరే ఉందని గుర్తొచ్చి ఆ ఏడుపు మీద కూడా అనుమానం వచ్చింది.

బిడ్డతో మాట్లాడుతుంటే తెలిసింది, చివరి నాలుగేళ్లు సార్ చెయ్యి వణికేదని. మెసేజిలన్నీ ఆయన చెబుతుంటే ఈమే రాసేదట. "తెల్లారంగ ఫజర్ నమాజ్ చదివి వచ్చి కుర్చీల కూసుంటుండె. చెప్పుడు, నేను కొట్టుడు. ఒక్క మాట ఎక్కువైతె, తీసెయ్, వాళ్లకు టైమ్ ఉండది అంటుండె."

అప్పుడు అడిగేశాను. పాఠం ఎవరిదో, నేనేం చేశానో, గడి సంగతి, శాలువా సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపు ఆమె నా గ్లాసు వైపే చూసింది.

"ఎరుకే అక్కా" అంది. "ఆ రోజు మీరు ఫోన్ చేసినప్పుడు నేను పక్కకే ఉన్న. అబ్బా వారం దినాలు గదే కత చెప్పిండు. ఇంటికి ఎవలొచ్చినా, కట్టల ఎన్ని ఉంటయి, చెప్పుండ్రి అనేటోడు."

"మరి ఆ పాఠం గ్రూపులో వేసినప్పుడు మూడో లైను ఎందుకు ఖాళీగా ఉంది?"

"ఖాళీ లేకుండె. ఏదో చెప్పిండు, నేను కొట్టిన. మల్ల చదివిపిచ్చుకున్నడు. తర్వాత, వద్దు, తీసెయ్ అన్నడు."

"ఏం చెప్పారు?"

"యాదికి లేదక్కా. మూడేండ్లాయె."

"ఒక్క మాటైనా?"

"ఒట్టు అక్కా, యాదికొస్తలేదు. కోపంగ అయితె లేకుండె. పంపినంక చాయ్ అడిగిండు."

ఇంకెంత అడిగినా అంతే. బస్సులో కూర్చుని అదే ఆలోచించాను, ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఆయనకు తెలుసు. తెలిసి ఏదో అన్నారు. అన్నదాన్ని తీసేయించారు. నన్ను కాపాడారా? చెప్పినా ప్రయోజనం లేదని వదిలేశారా? అదేదో నా ముఖం మీద తిట్టినా బాగుండేది, దులుపుకుని పోయేదాన్ని. ఇంత చేసిన మనిషికి కృతజ్ఞత చెప్పాలో క్షమించమనాలో కూడా తెలియని అయోమయంలో నన్ను వదిలి వెళ్లారు. ఒక్కోసారి ఆయన మీద కోపం కూడా వస్తుంది. వెంటనే సిగ్గేస్తుంది.

ఒకటి మాత్రం తేలింది. ఆ రోజే గ్రూపులో రాశాను. తునికాకు కట్టల పాఠం సార్‌ది, నాది కాదు, నేను నా పేరు పెట్టుకున్నాను అని. తర్వాత ఒకాయన దండం పెట్టాడు, అది నాకో సార్‌కో తెలియలేదు. వెబ్‌సైటులో పేరు మార్చబోతే టీచర్ నంబరు అడిగింది, రిటైరైనవారి నంబరు తీసుకోలేదు. అక్కడింకా నేనే ఉన్నాను, అర్జీ పెట్టాను, చూడాలి. పుస్తకంలో మాత్రం ఆ పాఠం సార్ పాఠాల మధ్యకు వచ్చింది. కింద, "యాభై అని చెప్పినది" అని రాసి ఆ పిల్ల పేరు పెట్టించాను. పేరు కోసం పాత హాజరు రిజిస్టరు తీసి వెతికాను. మూడో లైను నింపమని శ్రీరాంపూర్ మేడం అడిగింది. సార్ తీసేయించినదాన్ని నేనెట్లా నింపను? అలాగే వదిలేశాం.

మొన్న ఉట్నూర్ జీపు అడ్డాలో ఆ పిల్ల కనిపించింది. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి. సెలవులకు ఇంటికి వెళ్తోందట, చంకలో బట్టల సంచి. తనే వచ్చి నమస్తే మేడం అంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. సార్‌కు ఇవ్వలేకపోయినది ఈమెకైనా ఇవ్వొచ్చు అనిపించింది. ఫోన్లో పుస్తకం తెరిచి ఆమె పేరు చూపించాను.

"ఇది నా పేరెందుకున్నది?"

"కట్టల పాఠం యాదికున్నదా? తునికాకు కట్టలు?"

ఆమె మొహం విప్పారింది.

"మీరు నన్ను బయట నిలవెట్టిండ్రు. గదేనా మేడం?"

"అవును. తెల్లారి మోదుగాకులు తెచ్చి అందరం కట్టలు కట్టినం గదా. నూరు జేసి, పదులు జేసి..."

"గది యాదికి లేదు."

ఏ నిష్ఠూరమూ లేకుండానే అంది. నేను ఇంకోసారి పేరు చూపించి, నువ్వు యాభై అన్నావు కదా, అందుకే రాశాం, ఒక పెద్ద సార్ నీ పేరు అడిగారు, అప్పుడు నేను చెప్పలేదు అన్నాను. ఆ పిల్ల ఫోను వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"కట్టకు యాభయ్యే గద మేడం" అంది, ఇందులో రాసిపెట్టేంతది ఏముంది అన్నట్టు.

ఈలోపు జీపు నిండిపోయింది. నేను జరిగి జాగా చేస్తాను రమ్మంటే వద్దంది, దగ్గరే దిగిపోతానంది. సంచి నా ఒళ్లో పెట్టి వెనక మెట్టు ఎక్కింది. గుంతలు వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తిరిగి చూశాను. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎగిరే దుమ్ములో కళ్లు చికిలించుకుని, వాళ్ల ఊరు వచ్చేదాకా ఆ పిల్ల నిలబడే ఉంది.